మంట లేని ఇంటికి ఫైరింజన్

మల్లికార్జునరావుగారి గరాజ్ తలుపు పైకి లేచిందంటే ఆ వీధిలోని తెలుగు పెద్దలకి అదే పిలుపు. శనివారం సాయంత్రం కార్లు రెండూ బయటికి పోయేవి, మడత కుర్చీలు లోపలికి వచ్చేవి, పెద్ద ఫ్లాస్కులో చక్కెర లేని టీ వచ్చేది. ప్లేనోకి ఆనుకునే ఉన్నా ఆ వీధి డాలస్ సిటీ కిందికి వస్తుంది. అటూ ఇటూ ఒకే రంగు ఇళ్ళు, మనిషి నడవని పేవ్‌మెంట్లు, ఇంటింటి ముందూ ఎవరూ కూర్చోని కుర్చీలు. మనుషులు మనుషుల్లా కూర్చునే చోటు ఆ గరాజ్ ఒక్కటే. పోపు వాసన కర్టెన్లకి పట్టేస్తోందని మల్లికార్జునరావుగారి భార్య రాధారాణి తన రెండో స్టవ్వు కూడా అక్కడే ఒక మూల బల్ల మీద పెట్టించుకుంది. మాటలు ఒక పక్క, వంట ఒక పక్క.

ఆ సాయంత్రం రాధారాణి పులిహోరకి సిద్ధం చేస్తోంది. కృష్ణవేణమ్మ ఆమె పక్కన కూర్చుని కరివేపాకు దూస్తోంది. ఆకు దూయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. స్టవ్వు మాత్రం ఆమె ముట్టి నెలయింది.

నెల కిందట ఆమె కూతురింటి ముందు ఫైరింజన్ ఆగింది. ఆ మధ్యాహ్నం ఇంట్లో ఉన్నది ఇద్దరే, ఆమె, ఆమె వియ్యంకుడు సూర్యప్రకాశరావుగారు. కూతురు ఉజ్వల, అల్లుడు రఘువీర్ ఆఫీసుల్లో ఉన్నారు, మనవడు విహాన్ స్కూల్లో ఉన్నాడు. సాయంత్రం అందరూ ఇల్లు చేరేసరికి వంటింట్లో పొగ వాసన, సింకులో బొగ్గులా మాడిన మూకుడు, సోఫాలో కాలు మీద కాలు వేసుకుని సూర్యప్రకాశరావుగారు.

"ఏం లేదురా, మీ అత్తగారు స్టవ్వు మీద పోపు పెట్టి మరిచిపోయారు. పొగకి నాకు కాస్త కళ్ళు తిరిగాయి. అయినా నేను చూసుకున్నాను కాబట్టి సరిపోయింది" అన్నారు కొడుకుతో.

రఘువీర్ ఫోన్ తీసి గుమ్మం దగ్గరి కెమెరా చూశాడు. ఎర్రటి ఫైరింజన్, బరువైన సంచులతో లోపలికి పరిగెత్తే మనుషులు. "ఫైరింజన్ ఊరికే వస్తుందా" అన్నాడు మెల్లగా. అంతకంటే ఒక్క మాట ఎక్కువ అనలేదు, మంచివాడు. మర్నాడు పొద్దున కృష్ణవేణమ్మ కాఫీ పెడదామని లేస్తే స్టవ్వుకి నాబ్‌లు లేవు. పళ్ళూడిన నోరులా ఉంది స్టవ్వు.

ఆమె కాదనలేదు. కాదనాలంటే గుర్తుండాలి కదా. ఆయన పడిపోవడం గుర్తుంది. ఫోన్‌లో ఎవరో తెలుగులో మాట్లాడటం గుర్తుంది. పొగా గుర్తుంది, గోల పెట్టిన అలారమూ గుర్తుంది. ఏది ముందు, ఏది వెనక అన్నదొక్కటే గుర్తు లేదు. పొగకి ఆయన పడ్డారా, ఆయన పడ్డాక పొగ వచ్చిందా? ఆయనేమో అంత గట్టిగా చెబుతున్నారు. తనకి దేని మీదా గట్టి నమ్మకం లేదు. పైగా మగపెళ్ళివారు. ఏమని వాదిస్తుంది?

అప్పటినుంచి రోజూ కళ్ళు తెరవగానే పక్క మీదే అప్పజెప్పుకుంటోంది. వారం, తిథి, విహాన్ టీచర్ పేరు, పక్కింటి తెల్లావిడ కుక్క పేరు. అన్నీ వచ్చేవి. అయినా ధైర్యం వచ్చేది కాదు. బట్టీ పట్టింది చెప్పడం వేరు, జరిగింది గుర్తుండటం వేరు. ఉజ్వల అప్పుడే మతిమరుపు చూసే డాక్టర్ దగ్గర అపాయింట్‌మెంట్ బుక్ చేసింది, వచ్చే వారానికి. ఆ డాక్టర్ ఆ రోజు ఏం జరిగిందో చెప్పమంటే ఏం చెప్పాలి? ఈ వయసులో తన బుద్ధి తనదేనా కాదా అన్న మాట ఇంకొకరి నోట వినాలి.

"అన్నా, పకోడీలు తీసుకోండ్రి" అంది రాధారాణి, ప్లేటు ఎదురు కుర్చీలోని సూర్యప్రకాశరావుగారి ముందు పెట్టి.

"వద్దమ్మా, కడుపు బరువుగా ఉంది" అన్నారాయన. మధ్యాహ్నం అన్నం దగ్గరా అదే మాట అన్నారు. "టీ చాలు. అసలు ఆ రోజు మంట సంగతి మీకు పూర్తిగా చెప్పలేదు కదూ?"

కృష్ణవేణమ్మ తల ఇంకాస్త వంచింది. కరివేపాకు రెబ్బ చేతిలో నలిగింది.

"చెప్పండ్రి, టైమ్ పాస్ అయితది" అన్నారు మల్లికార్జునరావు. ఆయనది వరంగల్. నవ్వడానికి ముందే భుజాలు కదులుతాయి.

"పెద్ద సంగతేం కాదులెండి. చిన్న మంట. నేను హాల్లో కూర్చుని ప్రవచనం వింటున్నాను, ముక్కుకి తగిలింది వాసన, నా ముక్కు సంగతి మీకు తెలీదు, తెనాలిలో మా అరుగు మీద కూర్చుని స్టేషన్ దగ్గర ఏ హోటల్లో పప్పు మాడిందో చెప్పేవాణ్ణి. సరే, లేచి వెళ్ళాను. చూద్దును కదా, మూకుట్లోంచి జానెడు మంట. చెల్లెమ్మగారు పాపం ఎటో చూస్తూ నిలబడ్డారు. ఆవిడ తప్పు కాదండీ, వయసు. నేనేం చేశాను? మూకుడు రెండు చేతుల్తో ఎత్తాను."

"వట్టి చేతులతోనా?"

"పట్టకారు వెతుక్కునే టైమా అది? కరెంటాఫీసులో జీవితమంతా షాకులు తిన్న చేతులు ఇవి, వీటికి వేడి ఒక లెక్కా. ఎత్తానా, ఈలోపల మంట కప్పుని అంటుకుంది."

"ఇందాక జానెడన్నవ్ గదనే."

"జానెడన్నది మొదట్లోనండీ. మొక్క పెరుగుతుంది, పిల్లాడు పెరుగుతాడు, మంట పెరగదా? కప్పు అంటుకుంది, ఫ్యాన్ రెక్కలు గారెల్లా వేగుతున్నాయి, అలారం చెవులు చిల్లులు పొడుస్తోంది. ఫ్రిజ్ తెరిచాను, గ్యాలన్ పెరుగు డబ్బా తీశాను, ఒక్క విసురు. మంట చప్పగా చల్లారింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"పెరుగన్నం తిన్నవా?" అన్నారు మల్లికార్జునరావు. రాధారాణి కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

"నవ్వండి. ఫైరింజన్ వచ్చింది. తాటిచెట్టంత కెప్టెన్ దిగాడు. మంట ఏదీ సార్ అన్నాడు. లేటయ్యారు, ఆర్పేశాను అన్నాను. వాడు కప్పు వంక చూశాడు, నా వంక చూశాడు, మోకాలి మీద కూలబడ్డాడు నా ముందు. అప్పుడు మొదలైంది ఇంటర్వ్యూ. నీ పేరేమిటి, ఇది ఏ ఊరు, ఇవాళ ఏ రోజు, ఇక్కడేం జరిగింది. నాలుగు ప్రశ్నలు. టకటకా చెప్పేశాను. వాడు తన మనుషుల వైపు తిరిగి ఏదో అన్నాడు, అందరూ నన్ను చూసి తలలు ఊపారు."

రాధారాణి గరిటె పట్టుకునే తిరిగింది. "గా ప్రశ్నలు నన్ను గూడ అడిగిన్రు."

"మిమ్మల్నెందుకు అడుగుతారమ్మా?"

"దసరాకు ముందు నాకు ఛాతీల నొప్పి వచ్చె గద. ఈన అంబులెన్స్‌కి ఫోన్ చేస్తే ముందుగాల ఫైరింజన్ వచ్చి ఆగింది."

"నేనైతే పరేషాన్ అయిన" అన్నారు మల్లికార్జునరావు. "ఉరికి బయటికి పోయి, బాబూ మా ఇంట్ల మంటల్లేవు, పక్క గల్లీ చూసుకోండ్రి అని రెండు చేతులూ ఊపిన. వాళ్ళు నన్ను పక్కకు జరిపి లోపలికి పోయిన్రు. తర్వాత మా కోడలు చెప్పింది, ఇక్కడ అంబులెన్స్ గూడ ఫైర్ డిపార్ట్‌మెంట్‌దేనట. మంటలార్పేటోళ్ళకే వైద్యం గూడ నేర్పుతరు. ఇయ్యాల అంబులెన్స్ నడిపేటోడు రేపు నిచ్చెన ఎక్కుతడు. ఫైర్ స్టేషన్ ప్రతి గల్లీకి దగ్గరుంటది గాబట్టి మందుల సంచి తీసుకొని ఫైరింజనే ముందు ఉరుకుతది. దవాఖానకు తీస్కపోయే బండి ఎనక వస్తది."

కృష్ణవేణమ్మ చేతిలోని రెబ్బ నేల మీద పడింది. "మంట లేకుండానా?" అంది. "మంట లేని ఇంటికి ఫైరింజన్ వస్తుందా?"

"మంటకు వచ్చేది తక్కువనే అక్కా. రోగాలకు వచ్చేదే ఎక్కువ."

ఫైరింజన్ ఊరికే వస్తుందా. నెల రోజులుగా ఆ ఒక్క మాట ఆమె గుండె మీద రాయిలా కూర్చుంది. ఫైరింజన్ వచ్చింది కాబట్టి మంట, మంట కాబట్టి మరుపు, మరుపు కాబట్టి నాబ్‌లు. ఇప్పుడు ఆ వరసలో మొదటి రాయి కదిలింది.

రావుగారు ఒక్క క్షణం తడబడ్డారు. కానీ ఆయన తెనాలి మనిషి.

"ఆఁ, మీకు వచ్చింది ట్రయల్ అండీ. ఆ పద్ధతి రూలుగా పాస్ చేయించింది నేను. చెబుతాగా. ఇంటర్వ్యూ అయిందా, ఆ కెప్టెన్ జేబులోంచి ట్యూబు తీశాడు. నోరు తెరవండి సార్ అన్నాడు. నారింజ రుచి, జిగురు జిగురుగా ఉంది. స్వయంగా తన వేలితో చెంప లోపల పూశాడు. అది వాళ్ళ డిపార్ట్‌మెంట్ మర్యాద. మనం పెళ్ళికి వచ్చినవాళ్ళకి చేతికి గంధం పూయమూ? వాళ్ళు చెంప లోపల పూస్తారు."

మల్లికార్జునరావు భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. "అన్నా, నన్ను సంపకు."

కృష్ణవేణమ్మ నవ్వలేదు. నీలం తొడుగు వేసుకున్న వేలు, ఆయన పెదవి పక్కకి లాగి లోపల రాయడం ఆమె కళ్ళ ముందు కదిలింది. అది తను కల గన్నదేమో అనుకుంటోంది ఇన్నాళ్ళూ. కల కాదన్నమాట. ఈయన కోతల్లో అక్కడక్కడా నిజం తగులుతోంది, అన్నంలో రాయి తగిలినట్టు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? అంతలో వాళ్ళ రేడియో మోగింది. టోల్‌వే మీద అంబులెన్స్ ట్రాఫిక్‌లో ఇరుక్కుంది, లోపల నిండు చూలాలు. కెప్టెన్ నా వంక చూశాడు. నేను లుంగీలో ఉన్నాను, అయినా ఫర్వాలేదు పదమన్నాను. ఇంజన్ ఎక్కాను, నిచ్చెన పైకి లేపమన్నాను, నిచ్చెన చివర నిలబడి డాలస్ ట్రాఫిక్ మొత్తం చేత్తో మళ్ళించాను. ఎర్ర లైటు నన్ను చూసి పచ్చబడింది. అయినా సందు దొరకలేదు. ఇక లాభం లేదని నిచ్చెనకి తాడు కట్టి అంబులెన్స్‌ని బావిలో చేదలా పైకి లాగాను."

"మనిషితో సహానా?"

"చూలాలితో సహా. గాల్లోనే పురుడు పోశాను. మగపిల్లాడు. మెక్సికో వాళ్ళు, పిల్లాడికి సూర్యా అని పేరు పెట్టుకున్నారు. కింద కార్లవాళ్ళంతా హారన్లు కొట్టి చప్పట్లు కొట్టారు. మర్నాడు సిటీ ఫైర్ చీఫ్ ఫోన్ చేశాడు. రావుగారూ, మీరే చెప్పండి, ఈ సిటీకి ఏం చేయాలన్నాడు. ఒరే నాయనా, మీకు మంటలెన్ని, రోగాలెన్ని? ఖాళీగా కూర్చున్న ఇంజన్లని రోగుల దగ్గరికి తోలరా అన్నాను. అప్పటినుంచీ అన్ని ఊళ్ళలోనూ అదే పద్ధతి. నిచ్చెన కూడా నా మాట మీదే పొడుగు చేశారు. ఇప్పుడది ఎంత పొడుగంటే, చివర నిలబడితే సముద్రం కనపడుతుంది. సముద్రం అవతల మన రేవు. తెనాలి మూడు కాలవలూ కనపడతాయి. నేను చూశాను. మా వీధి, మా అరుగు. అరుగు మీద సుభద్ర నిలబడి ఉంది. ఇంకా దిగిరారేం, దీపం పెట్టే వేళైంది అంటోంది. వస్తున్నానే, ఈ నిచ్చెన..."

మల్లికార్జునరావు ఇంకా నవ్వుతూనే ఉన్నారు. కృష్ణవేణమ్మ మాత్రం కుర్చీలోంచి లేచింది. సుభద్ర రావుగారి భార్య. పోయి ఐదేళ్ళయింది. ఎన్ని కోతలు కోసినా ఆయన ఆవిడ పేరు ఎన్నడూ కోతల్లోకి తేలేదు.

ఆమె ఆయన మొహంలోకి చూసింది. చలిగాలి వీస్తున్న గరాజ్‌లో ఆయన పై పెదవి మీద చెమట. నుదురు తడి. చేతిలో కప్పు సాసర్ మీద టకటకలాడుతోంది. ఈ మొహం తను ముందొకసారి చూసింది. పొద్దున పక్క మీద అప్పజెప్పుకున్నది నాలుక మీదికి వచ్చింది. శనివారం. ఏకాదశి.

"అన్నయ్యగారూ, ఇవాళ ఏ రోజు?" అని అడిగింది.

"ఏకాదశి" అన్నారాయన, ముద్దగా.

"ఇది ఏ ఊరు?"

"ఇదేం ప్రశ్న చెల్లెమ్మా. తెనాలి."

మల్లికార్జునరావు పకపకా నవ్వారు, అదీ కథలోదే అనుకుని. సరిగ్గా అప్పుడే రాధారాణి కాగిన నూనెలో ఆవాలు వేసింది. అవి చిటపటలాడాయి. ఆ చిటపటల మధ్య రావుగారు కుర్చీలోంచి పక్కకి జారిపోయారు. కప్పు నేల మీద పడి పగిలింది.

నవ్వు గొంతులోనే ఆగింది. రాధారాణి గరిటె పడేసి పరుగెత్తుకొచ్చి ఆయన తల ఒళ్ళోకి తీసుకుంది. "అన్నా, అన్నా." మల్లికార్జునరావు ఫోన్ కోసం జేబులన్నీ తడుముకుంటున్నారు. స్టవ్వు మీద ఆవాలు ఒక్కొక్కటీ ఆగి నల్లబడుతున్నాయి. సన్నగా పొగ లేచింది.

ఆ పొగని చూసిన వాళ్ళు గరాజ్‌లో ఎవరూ లేరు, ఒక్క కృష్ణవేణమ్మ తప్ప.

ఆమె చెయ్యి చాచి స్టవ్వు కట్టేసింది.

నెల రోజుల తర్వాత ఒక నాబ్ ఆమె వేళ్ళ మధ్య తిరిగింది. దాంతోపాటు ఆ మధ్యాహ్నమంతా తిరిగి వచ్చి ఎదురుగా నిలబడింది. ఆ రోజూ ఆవాలు చిటపటలాడుతున్నాయి. పోపు బతికుండగానే ఆయన పడ్డారు. పోపు వదిలేసి ఆయన తల పట్టుకుంది తను, ఇప్పుడు రాధారాణి పట్టుకున్నట్టే. పొగ ఆ తర్వాత. అలారం ఆ తర్వాత.

పులిహోరలోకని పెట్టిన బెల్లం పొడి బల్ల మీద ఉంది. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని, తడి వేలికి ఆ పొడి అద్ది, ఆయన పెదవి పక్కకి లాగి చెంప లోపల, చిగుళ్ళకి రాసింది. ఒకసారి, ఇంకొకసారి. గొంతులోకి పోనివ్వకుండా కొంచెం కొంచెంగా.

"ఏం జేస్తున్నవ్ అక్కా?" అంది రాధారాణి.

"ఆ రోజు వాళ్ళు చేసింది" అని మల్లికార్జునరావు వైపు తిరిగింది. "ఫోన్‌లో షుగర్ పడిపోయిందని చెప్పండి అన్నయ్యా. మాత్ర వేసుకుని ఉపవాసం ఉన్నారని చెప్పండి."

సుభద్ర ఉన్నన్నాళ్ళూ ఏకాదశి ఉపవాసాలు ఆవిడవే. ఆవిడ పోయాక అవి ఆయన పట్టారు. షుగర్ వచ్చాక కొడుకు గట్టిగా వద్దన్నాడు, సరేనన్నారు, మానేశారనే ఇంట్లో అందరూ అనుకున్నారు. కడుపు బరువు అన్న మాటకి అర్థం కృష్ణవేణమ్మకి ఇన్నాళ్ళకి తెలిసింది.

కబురు అందుకుని రఘువీర్ చెప్పులు కూడా లేకుండా పరుగెత్తుకొచ్చాడు. వాడి వెనకే వీధి మలుపులో ఎర్రటి ఫైరింజన్ కనిపించింది. మెరుస్తూ వచ్చి గరాజ్ ముందు ఆగింది. పక్కిళ్ళ తలుపులు తెరుచుకున్నాయి.

"మంటెక్కడ అంకుల్?" అన్నాడు రఘువీర్, కప్పు వంకా స్టవ్వు వంకా చూస్తూ.

"మంట లేదు బిడ్డా. మీ నాయనకు షుగర్ పడిపోయింది."

"మరి ఫైరింజన్ ఎందుకు..." అని ఆగిపోయాడు. దిగినవాళ్ళ చేతుల్లో నీళ్ళ గొట్టాలు లేవు. మందుల సంచులున్నాయి. అవే సంచులు, గుమ్మం కెమెరాలో చూసినవి. వాడి చూపు నెమ్మదిగా అత్తగారి వైపు తిరిగింది. ఆమె నేల మీద కూర్చుని, బెల్లం అంటిన వేలు కొంగుకి తుడుచుకుంటోంది.

ఈసారి కెప్టెన్ ఒక ఆడమనిషి. పొట్టిగా, దిట్టంగా ఉంది. రావుగారి వేలు గుచ్చి మీటర్ చూసి, ఒక గ్లూకోజ్ ట్యూబు మూత విప్పి, నీలం తొడుగు వేలితో ఆయన చెంప లోపల పూసింది. నారింజ వాసన గుప్పుమంది. ముందే ఏమిచ్చారని అడిగింది. రఘువీర్ బెల్లం డబ్బా చూపించి ఇంగ్లీషులో ఏదో చెప్పాడు. ఆమె కృష్ణవేణమ్మ వంక చూసి బొటనవేలు పైకెత్తింది. ఇంతలో అంబులెన్స్ వచ్చి ఫైరింజన్ వెనక ఆగింది. రెండింటి మీదా ఒకటే పేరు, ఒకటే ముద్ర.

కాసేపటికి రావుగారి చూపు కుదురుకుంది. చెమట ఆరింది. కెప్టెన్ ఆయన ముందు మోకాలి మీద కూర్చుంది. పేరేమిటి? ఇది ఏ ఊరు? ఇవాళ ఏ రోజు? ఏం జరిగింది?

మొదటి మూడింటికీ ఆయన సరిగ్గా జవాబు చెప్పారు. సూర్యప్రకాశరావు. డాలస్. సాటర్‌డే. నాలుగోదానికి చుట్టూ చూశారు. గరాజ్ నిండా మనుషులు, ఎదురుగా కొడుకు. ఆయన మెల్లగా గొంతు సవరించుకుని తెలుగులోకి దిగారు.

"కంగారు పడకండి. రాధారాణిగారికి ఈ పద్ధతి ఎలా పనిచేస్తుందో చూపిద్దామని నేనే పిలిపించాను వీళ్ళని. వీళ్ళంతా నాకు తెలిసినవాళ్ళే. ఆ రోజు కూడా ఇంతే, చెల్లెమ్మగారు పెట్టిన మంట నేను ఆర్పేసి ఇలాగే కూర్చున్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"తెలుసు అన్నయ్యగారూ" అంది కృష్ణవేణమ్మ.

ఆమె ఎవరి మాటకీ అడ్డం రావడం ఆ గరాజ్‌లో అదే మొదలు. అందరూ అటు తిరిగారు.

"ఆ రోజూ ఏకాదశే. వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని మీరు నాతో మాట్లాడుతున్నారు. నేను ఆవాలు వేశాను. అవి చిటపటమంటుంటే మీరు జారిపోయారు. పోపు వదిలేసి మీ తల పట్టుకున్నాను, ఫోన్ చేశాను. ఫోన్‌లో తర్జుమా చేసే తెలుగమ్మాయి మంటలా, మనిషా అని అడిగింది. మనిషి అన్నాను. మూకుడు మాడింది ఆ తర్వాత. వీళ్ళొచ్చి ఇది ఏ ఊరు అంటే మీరు తెనాలి అన్నారు. ఏ రోజు అంటే ఏకాదశి అన్నారు. దానికి ఇంగ్లీషులో ఏమంటారో నాకు తెలియక నిలబడిపోయాను. తేరుకున్నాక హాస్పిటల్‌కి రానని మీరే సంతకం పెట్టి పంపేశారు. నేను దేన్నీ మరిచిపోలేదండీ. కంగారులో వరస తప్పింది, అంతే."

మల్లికార్జునరావు భుజాలు కదల్లేదు. రఘువీర్ తండ్రి వంక చూశాడు, పోపు మాడి చల్లారిన మూకుడు వంక చూశాడు, ఆ మూకుడు కింద కట్టేసి ఉన్న నాబ్ వంక చూశాడు. తండ్రి ఇంతకుముందే ఒకసారి చావు దాకా వెళ్ళి వస్తే తను మాడిన మూకుడు కడిగి, స్టవ్వుకి నాబ్‌లు పీకి, ఇల్లు భద్రంగా ఉందనుకుని పడుకున్నాడు.

"ఇది పద్ధతి కాదు నాన్నా" అన్నాడు చివరికి. "ఈసారి హాస్పిటల్‌కి వెళ్తున్నారు. నేనూ వస్తాను."

స్ట్రెచర్ వచ్చింది. ఎక్కించి పట్టీలు బిగించారు. అంబులెన్స్ మెట్టు దగ్గర రావుగారు తల తిప్పి, ఎవరి కళ్ళలోకీ చూడకుండా, గరాజ్ కప్పుతో మాట్లాడినట్టు అన్నారు.

"రేపు ద్వాదశి. పారణకి చెల్లెమ్మగారు పెందలాడే ఏమన్నా వండుతారేమో."

"వండకేం" అంది కృష్ణవేణమ్మ. "స్టవ్వు నాబ్‌లు మీ అబ్బాయి కారులో, ముందు సీటు ఎదురు అరలో, విహాన్ చిన్నప్పటి మేజోడులో ఉన్నాయి. ఇప్పించండి."

రఘువీర్ ఉలిక్కిపడ్డాడు. అవి ఎక్కడ దాచాడో పెళ్ళానికి కూడా చెప్పలేదు.

"మీకెలా తెలుసు అత్తయ్యా?"

"మొన్న గుడికి వెళ్తూ టిష్యూ కాగితాలు అందులో తీసుకోమన్నావుగా" అంది ఆమె. "పచ్చ మేజోడు. మడమ దగ్గర చిల్లు."